జవాను ఒంటి మీది బనియన్: ముందు దారం చూడండి, తర్వాతే సైజు

2006 ఏప్రిల్‌లో ఇరాక్‌లోని అమెరికా మెరైన్లకు ఒక ఆదేశం వచ్చింది. క్యాంపు దాటి బయటికి వెళ్లేటప్పుడు యూనిఫాం లోపల పాలిస్టర్, నైలాన్ బనియన్లు వేసుకోకూడదన్నది దాని సారాంశం. చెమటను లాగేసి తొందరగా ఆరిపోయే ఆటల బనియన్లు అప్పటికే వాళ్లకు బాగా అలవాటయ్యాయి. ఆ ఎండల్లో అవి హాయిగానే ఉంటాయి. కానీ రోడ్డు పక్కన పెట్టిన బాంబు పేలి బండి అంటుకున్నప్పుడు ఆ గుడ్డ కరిగి చర్మానికి అతుక్కుపోతోందని అక్కడి సైనిక వైద్యులు గుర్తించారు. 2007 నుంచి మెరైన్లకు మంటను తట్టుకునే దుస్తులు విడిగా ఇవ్వడం మొదలైంది.

మన దగ్గర సంగతి చూస్తే, సెలవు ముగించుకుని వెళ్తున్న కొడుకు సంచిలో అరడజను డ్రై-ఫిట్లు, అంటే అలాంటి తొందరగా ఆరే పాలిస్టర్ బనియన్లు, సర్ది పంపే ఇళ్లు శ్రీకాకుళంలో ఉన్నాయి, సైనికుల ఊరుగా పేరున్న మిలటరీ మాధవరంలో ఉన్నాయి, తెలంగాణ పల్లెల్లోనూ ఉన్నాయి. ప్రేమతో కొన్నవే, పీటీకి పనికొచ్చేవే. వాటిని ఎక్కడ వేసుకోవచ్చు, ఎక్కడ విప్పి పక్కన పెట్టాలి, వాటి బదులు ఏది, ఎంత వదులుగా వేసుకోవాలి అన్నది జవానుకూ, కొనే ఇంటివాళ్లకూ తెలియాలి. కింద చెప్పినవన్నీ యూనిట్ నియమాలకు లోబడి పాటించాల్సినవే. యూనిట్ ఇచ్చిన బనియన్ ఉండగా బజారు బనియన్ వద్దు.

కరగడం ఎందుకంత ప్రమాదం

పాలిస్టర్ దాదాపు 250 నుంచి 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 మధ్య కరుగుతుంది. చలికి లోపల వేసుకునే చవక థర్మల్స్‌లో కనిపించే పాలిప్రొపిలీన్‌కు 165 చాలు. నూలు అసలు కరగదు. అంటుకుంటుంది, మండుతుంది, బూడిదై రాలిపోతుంది. తేడా అంతా ఇక్కడే ఉంది. రాలిపోయే బూడిద తనతో పాటు వేడిని కొంత తీసుకుపోతుంది. కరిగిన పాలిస్టర్ మాత్రం ఎక్కడ పడిందో అక్కడే కూర్చుని, తన వేడినంతా చర్మంలోకి దించి, చల్లబడే కొద్దీ బిగుసుకుంటుంది. అరవై డిగ్రీల నీళ్లు అయిదారు సెకన్లు తగిలితేనే చర్మం లోతుగా కాలుతుంది. రెండొందల యాభై డిగ్రీల జిగురు ముద్ద సంగతి ఇక చెప్పక్కర్లేదు. తర్వాత ఆసుపత్రిలో ఆ ప్లాస్టిక్‌ను తీయాలంటే చర్మంతో సహా రావాల్సిందే.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. కాలిన గాయం ఒంటిలో ఎంత భాగమో అంచనా కట్టడానికి వైద్యులు తొమ్మిదుల సూత్రం వాడతారు. మొండెం ముందువైపు 18 శాతం, వెనకవైపు 18 శాతం, ఒక్కో చెయ్యి 9 శాతం. అంటే ఫుల్ చేతుల బనియన్ ఒక్కటే ఒంటిలో దాదాపు సగం కప్పుతుంది. అది కరిగే గుడ్డ అయితే అంత మేరా ప్రమాదం ఉన్నట్టే.

"పైన మంటకు తట్టుకునే యూనిఫాం ఉంది కదా, లోపల ఏదైతేనేం" అనేవాళ్లు చాలామంది. పై గుడ్డ అంటుకోకపోయినా వేడి లోపలికి దిగుతుంది. లోపలి పాలిస్టర్ కరగడానికి మంట తగలనక్కర్లేదు, ఆ వేడి చాలు. పై పొర చెక్కుచెదరకుండా ఉండి లోపలి బనియన్ మాత్రం అతుక్కుపోవచ్చు. పెట్రోలియం, విద్యుత్ పరిశ్రమల భద్రతా నియమాల్లో మంటను తట్టుకునే దుస్తుల కింద కరిగే గుడ్డ వేసుకోవద్దని చెప్పేది ఇందుకే.

ఎక్కడ వేసుకోవచ్చు, ఎక్కడ వద్దు

పీటీ గ్రౌండ్, జిమ్, వాలీబాల్, బారక్‌లో నిద్ర, సెలవులో ఇల్లు: వీటికి డ్రై-ఫిట్ నిక్షేపంగా వేసుకోండి. తడి నూలు ఒరుసుకుని చంకలు, చనుమొనలు పచ్చిపుండ్లయ్యే దూరపు పరుగులకు అదే మేలు.

వద్దన్న చోట్లు: బండి ఎక్కే ప్రతి గస్తీ, కాన్వాయ్ డ్యూటీ, ట్యాంకు లేదా పదాతి పోరాట వాహనం లోపల, హెలికాప్టర్, ఇంధనం నింపే చోటు, జనరేటర్ గది, మందుగుండు ఎత్తే దింపే పని, ఫైరింగ్ రేంజి, కుక్‌హౌస్‌లో స్టవ్ ముందు, బుఖారీ (వెచ్చదనానికి వెలిగించే కిరోసిన్ పొయ్యి) ఉన్న టెంటు. కుక్‌హౌస్ డ్యూటీని చాలామంది ప్రమాదంగా లెక్కపెట్టరు. మరిగే నూనె, పెద్ద బర్నరు, ఇరుకు గది కలిసిన ఆ చోటు బాంబు లేకపోయినా నిప్పు అంటుకోగల చోటే.

పొడి చలిలో పాలిస్టర్, ఉన్ని ఒకదానికొకటి రుద్దుకుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. చీకట్లో స్వెట్టర్ తీస్తే చిటపటమనేది అదే. ఇంధనం దగ్గర అలాంటి ఒక్క నిప్పురవ్వ చాలు. అక్కడ నిలబడి జాకెట్ తీయడం, వేసుకోవడం చేయకండి. డబ్బా మూత తీసే ముందు చేత్తో నేలకు ఆనిన లోహాన్ని తాకండి.

లేబుల్ చదవడం

లేబుల్ మీద నైలాన్ అని రాయకపోవచ్చు, పాలియమైడ్ అని ఉంటుంది. రెండూ ఒకటే. ఎలాస్టేన్, స్పాండెక్స్, లైక్రా అన్నవి సాగే దారం పేర్లు. మైక్రోఫైబర్ అంటే చాలావరకు పాలిస్టరే. కూల్‌మాక్స్ కూడా పాలిస్టర్ కుటుంబమే. అక్రిలిక్ చూడ్డానికి ఉన్నిలా ఉంటుంది, కానీ కరుగుతుంది, ఉన్నికంటే చాలా జోరుగా మండుతుంది. బజారులో "ఊల్ థర్మల్" అని అమ్మే వాటిలో అక్రిలిక్ బాగా కనిపిస్తుంది, అందుకే ముందు పేరు కాదు, శాతాలు చూడండి.

నూలు, పాలిస్టర్ సగం సగం కలిపిన బనియన్‌ను "మధ్యస్థం" అనుకుని కొంటారు. అది మధ్యస్థం కాదు. విడి పాలిస్టర్ మంట నుంచి ముడుచుకుని దూరంగా జారిపోయే అవకాశం ఉంది. మిశ్రమంలో నూలు ఒత్తిలా నిలబడి మండుతుంటే కరిగిన పాలిస్టర్ ఆ ఒత్తికి నూనెలా అందుతుంది. జారిపోదు, ఆరదు. ప్రమాదమున్న డ్యూటీకి నూరు శాతం నూలో, నూరు శాతం ఉన్నో, మంటకు తట్టుకునేదని తయారీదారు రాసిచ్చిన గుడ్డో తీసుకోండి. మెడపట్టీలో కొద్దిపాటి సాగే దారం ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఒళ్లంతా అయిదు, పది శాతం ఎలాస్టేన్ ఉంటే మాత్రం పీటీకి ఉంచండి.

నూలు మంటను ఆపుతుందని మాత్రం అనుకోకండి. కరగదు, అంతే. మండకుండా తనంతట తాను ఆరిపోవాలంటే అరామిడ్, మోడాక్రిలిక్ అనే మంటకు తట్టుకునే దారాలో, మందు పట్టించిన రేయాన్ లేదా నూలో కావాలి. అమెరికా అగ్ని భద్రతా సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ పరిశ్రమల కోసం పెట్టిన 2112 ప్రమాణం ఇలా కొలుస్తుంది: నిలువుగా వేలాడదీసిన గుడ్డ అంచుకు 12 సెకన్లు మంట పెట్టి తీశాక అది 2 సెకన్లలోపు ఆరాలి, నల్లబడిన పొడవు 100 మిల్లీమీటర్లు దాటకూడదు, చుక్కలు కారకూడదు. ఎఫ్‌ఆర్ (మంటను తట్టుకునేది) అని ఊరికే ముద్ర వేసి ఏ ప్రమాణమో రాయని బనియన్‌కు ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఛాతీ మీద రబ్బరులాంటి మందపాటి బొమ్మ ఉన్నది వద్దు. గుడ్డ నూలే అయినా ఆ బొమ్మ ప్లాస్టిక్, అది కరుగుతుంది. సాదా బనియన్ తీసుకోండి.

నిప్పు పరీక్ష

లేబుల్ లేనప్పుడు, ఉన్నా నమ్మకం కుదరనప్పుడు ఇది చేయండి. ఆరుబయట, గాలి తక్కువున్న చోట, ఇంధనానికి, ఎండుగడ్డికి దూరంగా చేయాలి. స్టీలు పళ్లెం, అందులో రెండు వేళ్ల లోతు నీళ్లు, ఇనుప పట్టకారు, లైటరు సిద్ధం చేసుకోండి. బనియన్ కింది అంచు మడత లోపలినుంచి 3 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు వెడల్పు ముక్క కత్తిరించండి. కుట్టుదారం వేరుగా ఒకటి లాగి పెట్టుకోండి. ముక్కను పట్టకారుతో పళ్లెం మీద అడ్డంగా పట్టుకుని, మంటను పక్కనుంచి మెల్లగా దగ్గరికి తెచ్చి, మూడు సెకన్లు ఉంచి తీసేయండి.

నూలయితే వెంటనే అంటుకుంటుంది, పసుపు మంట, కాగితం కాలిన వాసన. మంట ఆరాక కూడా అంచు కాసేపు ఎర్రగా రాజుకుంటుంది. మిగిలేది వేళ్ల మధ్య పొడైపోయే బూడిద. రేయాన్, "వెదురు గుడ్డ" కూడా ఇలాగే కాలతాయి.

పాలిస్టర్ మంట తగలకముందే ముడుచుకుని వెనక్కి పోతుంది, కరుగుతుంది, నల్లని మసిపొగ వదులుతుంది. చల్లారాక గట్టి నల్ల పూస మిగులుతుంది, గోటితో నలపలేరు. నైలాన్ కూడా ముడుచుకుని కరిగి చుక్కలు కారుతుంది. దాని పూస బూడిద రంగులోనో లేత గోధుమ రంగులోనో ఉంటుంది. ఉన్ని చిటపటలాడి, వెంట్రుక కాలిన వాసన ఇచ్చి, మంట తీయగానే దాదాపు ఆరిపోతుంది. దాని నల్లటి ముద్ద నొక్కితే పిండి అవుతుంది. అరామిడ్ కరగదు. బొగ్గులా నల్లబడి, మంట తీయగానే ఆరిపోతుంది.

బూడిద మధ్య గట్టి పలుకులు తగిలితే మిశ్రమం అన్నమాట. ఆ ముక్కను నీళ్లలో వేసి, పూర్తిగా చల్లారాకే నలిపి చూడండి. కరిగిన చుక్క పైకి నల్లగా చల్లబడ్డట్టు కనిపించినా లోపల వేడిగానే ఉంటుంది. కుట్టుదారానికి కూడా ఇదే పరీక్ష పెట్టండి. నూలు బనియన్లను కూడా పాలిస్టర్ దారంతో కుట్టడం మామూలే. అంత మాత్రాన బనియన్ పారేయక్కర్లేదు, కానీ రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే కుట్లు తక్కువున్నది తీసుకోండి.

సైజు, బిగువు

కంప్రెషన్ రకం, అంటే ఒంటికి రెండో చర్మంలా పట్టుకునేది, ప్రమాదమున్న డ్యూటీకి ఏ గుడ్డదైనా సరికాదు. గుడ్డకూ చర్మానికీ మధ్య ఉండే పలచని గాలి పొర వేడిని ఆపుతుంది. కొద్ది మిల్లీమీటర్లే అయినా అది లేకపోతే పై పొర వేడి సూటిగా ఒంటికి తగులుతుంది. బిగువుకు తోడు ఎలాస్టేన్ ఎలాగూ ఉంటుంది కాబట్టి నష్టం రెట్టింపు.

అలాగని మరీ వదులు కూడా వద్దు. బులెట్‌ప్రూఫ్ జాకెట్ బరువు కింద ఒక్క మడత పడితే, అరపూట నడిచేసరికి అక్కడ ఎర్రటి చార, సాయంత్రానికి పుండు.

కొలిచే తీరు ఇది. కొత్త నూలు బనియన్‌ను ముందు రెండుసార్లు ఉతికి ఆరేయండి. అయిదు శాతం కుంచించుకునే గుడ్డయితే 70 సెంటీమీటర్ల పొడవులో మూడున్నర పోతుంది. ఉతక్కుండా కొలిస్తే లెక్క తప్పుతుంది. తర్వాత మామూలుగా ఊపిరి వదిలి, చనుమొనల మట్టంలో టేపు చుట్టూ అడ్డంగా పెట్టి ఛాతీ కొలవండి. బనియన్‌ను బల్ల మీద పరిచి చంక నుంచి చంకకు కొలిచి రెండింతలు చేయండి. ఛాతీ కన్నా 5 నుంచి 8 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటే సరి. టేపు లేకపోతే, వేసుకుని చంక కింద రెండు పక్కలా గుడ్డను చిటికెతో పట్టండి. ఒక్కో పక్క సుమారు ఒకటిన్నర సెంటీమీటరు మడత అందితే చాలు. అసలు అందకపోతే బిగువు, మూడు వేళ్లు మడిచేంత వస్తే వదులు.

పొడవు బెల్టు కిందికి కనీసం 15 సెంటీమీటర్లు దిగాలి. చేతులు రెండూ పైకెత్తండి, గొంతుక్కూర్చోండి, లేవండి. అంచు ప్యాంటులోంచి బయటికి వస్తే చిన్నది. పైకి లేచిన గుడ్డ నడుం దగ్గర ఉండలు కట్టి జాకెట్ అంచు కింద నలుగుతుంది, పైగా ఒంటిని బయటపెడుతుంది. మెడ గుండ్రంగా, గొంతుకు దగ్గరగా ఉండాలి, రెండు వేళ్లు దూరితే చాలు. వీ-మెడ, చేతుల్లేని బనియన్లు కప్పేది తక్కువ. ఫుల్ చేతులయితే మణికట్టు ఎముక దాటాలి, గ్లౌజు కింద 3 నుంచి 5 సెంటీమీటర్లు దూరాలి. నిప్పు ముందుగా కాల్చేది చేతులను, ముఖాన్నే.

భుజం కుట్టు ఎక్కడుందో చూడండి. సరిగ్గా భుజం మీదే ఉంటే జాకెట్ పట్టీ దాన్ని రోజంతా నొక్కుతుంది. కుట్టు ముందుకో వెనక్కో జరిగినది, అంచులు ఒకదానిమీద ఒకటి లేవకుండా చదునుగా కుట్టినది ఎంచుకోండి. మెడ వెనక లేబుల్‌ను కత్తెరతో సగం కోయకండి. మిగిలిన మొండి అంచు రంపంలా గీరుతుంది. కుట్టు విప్పి మొత్తం తీసేయండి. చివరగా జాకెట్, బరువు, హెల్మెట్ అన్నీ వేసుకుని అరగంట నడవండి, పరుగెత్తండి, పాకండి. విప్పి అద్దంలో చూసుకోండి. ఎర్రటి చార ఎక్కడ పడిందో అక్కడ మడతో కుట్టో ఉంది. డ్యూటీకి ముందు దాన్ని సరిచేసుకోవాలి.

నూలుతో వచ్చే అసలు చిక్కు చెమట. తడిసి బరువెక్కుతుంది, తొందరగా ఆరదు, చెమటకాయలు పేలతాయి. దీనికి మందు పాలిస్టర్ కాదు, ఎక్కువ బనియన్లు. ఒకటి ఒంటి మీద, ఒకటి ఆరుతూ, ఒకటి పాలిథిన్ సంచిలో పొడిగా. ఆగిన చోట మార్చుకోండి, చంకలు, ఛాతీ తుడుచుకుని పొడి బనియన్ వేసుకోండి. ఎండ ప్రాంతానికి చదరపు మీటరుకు 150 నుంచి 180 గ్రాముల గుడ్డ సరిపోతుంది. అంతకన్నా పలచనిది మంట ముందు ఇంకా తక్కువసేపు నిలుస్తుంది.

మంచు ప్రాంతంలో

ఇక్కడ నూలు కూడా శత్రువే. చెమటకు తడిసిన నూలు ఆగగానే ఒంటి వేడిని లాగేస్తుంది. పాలిస్టర్ థర్మల్ ఆ పనికి మంచిదే, కానీ సియాచిన్, లడాఖ్ పోస్టుల్లో బతుకు చాలావరకు కిరోసిన్ చుట్టూనే: బుఖారీ, స్టవ్. అందుకే చర్మాన్ని తాకే పొరగా మెరినో ఉన్ని అన్నిటికన్నా మేలు. కరగదు, అంత తేలిగ్గా అంటుకోదు, బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా చల్లగా తగలదు. 150 నుంచి 200 గ్రాముల మెరినో లోపల, దాని మీద ఫ్లీస్ అనే నూగు జాకెట్. ఫ్లీస్ పాలిస్టరే, పైగా నూగు ఉండటం వల్ల మంట దానిమీద చకచకా పాకుతుంది. బుఖారీ దగ్గర పని ఉన్నంతసేపూ దాన్ని విప్పి దూరంగా పెట్టండి. బుఖారీ పూర్తిగా ఆరి చల్లారాకే కిరోసిన్ పోయాలి. చేతిమీద, బట్టమీద ఒలికితే ముందు ఆ బట్ట మార్చాలి, తర్వాతే వెలిగించాలి. తడి బనియన్లను పొగగొట్టం మీద ఆరేసే అలవాటు టెంటు మొత్తాన్ని ముంచుతుంది.

ఉతుకు

మంటను తట్టుకునే గుడ్డను క్లోరిన్ బ్లీచ్ పాడుచేస్తుంది. మెత్తబరిచే ద్రావణాలు, గంజి అంటుకునే పొరలా మిగిలిపోతాయి. రెండూ వద్దు. తిరగేసి, మామూలు డిటర్జెంటుతో ఉతికి, రెండుసార్లు జాడించండి. డీజిల్, గ్రీజు, వంటనూనె మరక పోకపోతే ఆ బనియన్‌ను డ్యూటీకి వాడకండి. ఎంత మంచి గుడ్డయినా నూనె ఇంకాక ఒత్తే. దోమల మందులోని డీట్ రేయాన్‌నూ స్పాండెక్స్‌నూ దెబ్బతీస్తుంది, కాబట్టి గుడ్డ కప్పని చర్మానికే రాయండి, గుడ్డమీద చల్లకండి. చిరుగును పాలిస్టర్ దారంతో, అతుకు ముక్కతో పూడ్చకండి. పలచబడి వెలుతురు కనిపించే బనియన్ తుడుపుగుడ్డకు పనికొస్తుంది.

అతుక్కుపోతే

నేలమీద పడుకోబెట్టి దొర్లించండి లేదా దుప్పటి కప్పి మంట ఆపండి. నైలాన్ దుప్పటి కాదు, ఉన్నిదో నూలుదో. వెంటనే మామూలు చల్లటి నీళ్లు ధారగా 20 నిమిషాలు పోయండి. ప్లాస్టిక్ ఇంకా వేడి వదులుతూనే ఉంటుంది, ముందు దాన్ని చల్లార్చాలి. మంచు గడ్డ వద్దు. గాయం పెద్దదయితే, చలి ప్రాంతమయితే ఒళ్లు మిగతా భాగం దుప్పటిలో ఉంచండి, వణుకు మొదలైతే నీళ్లు ఆపండి.

అతుక్కున్న గుడ్డను లాగొద్దు. దాని చుట్టూ కత్తెరతో కోసి, అతుక్కోని భాగం మాత్రం తీసేయండి. ఉంగరం, గడియారం, మొలతాడు, బెల్టు వాపు రాకముందే తీయాలి. బొబ్బలు చిదపొద్దు. పసుపు, ఇంకు, టూత్‌పేస్టు, నెయ్యి ఏదీ పూయొద్దు. శుభ్రమైన పలచని ప్లాస్టిక్ కవరును పొడవుగా పరిచి కప్పండి, చుట్టి బిగించకండి. అది లేకపోతే శుభ్రమైన పొడి గుడ్డ కప్పండి. ముక్కు వెంట్రుకలు కాలినా, గొంతు బొంగురుపోయినా, ఉమ్ములో మసి కనిపించినా ఊపిరి దారి వాచిపోవచ్చని అర్థం. మిగతా పనులన్నీ ఆపి ముందు తరలించండి. అప్పగించేటప్పుడు ఎప్పుడు కాలింది, నీళ్లు ఎంతసేపు పోశారు, ఒంటిమీద ఏ గుడ్డ బనియన్ ఉంది అన్న మూడు సంగతులూ డాక్టరుకు చెప్పండి.